పుల్లలు లెక్కపెట్టి బిల్లు

బార్సిలోనాలో మొదటి రాత్రి లా రాంబ్లా అనే పెద్ద వీధి మీద, ఫోటోల మెనూ పెట్టిన చోట కూర్చున్నాం. చల్లారిన పయెయ్యాకి (స్పెయిన్ వాళ్ల అన్నం వంటకం) జేబు బాగానే ఖాళీ అయింది. మర్నాడు పొబ్లె సెక్ అనే పేట‌లో కారెర్ దె బ్లాయ్ వీధి పట్టుకున్నాం. రొట్టె ముక్క మీద చేపో, మిరపకాయో పెట్టి పుల్ల గుచ్చుతారు. కావలసినవి మనమే తీసుకోవాలి. చివర్లో ప్లేటులోని పుల్లలు లెక్కపెట్టి బిల్లేస్తారు. నావి 11! వైన్ గురించి నాకు తెలిసింది సున్నా. "ఈ ఊరి దగ్గరిదే ఏదైనా ఇవ్వండి" అంటే పెనెదెస్ ప్రాంతపు కావా అనే వైన్ పోశారు, చల్లగా, బుడగలు ఎగబాకుతూ. నిజం చెప్పాలంటే, టమాటా రుద్ది ఆలివ్ నూనె వేసిన వట్టి రొట్టే అంతకన్నా నచ్చింది.

అన్నట్టు, అక్కడ చాలా రెస్టారెంట్లలో రాత్రి 8:30 దాకా వంట మొదలవదు. ఏడింటికే ఆకలేసే మా ఆయనకి అమ్మ కట్టిచ్చిన జంతికలే దిక్కయ్యాయి.