అనుములు విత్తే కోపు

మొన్న రాత్రి యూట్యూబ్‌లో ఇంగ్లండ్ పల్లెల మోరిస్ ఆట ఒకటి చూసినా. తెల్లబట్టల్లో ఆరుగురు, మోకాళ్ల కింద గజ్జెలు, చేతుల్లో పొట్టి కట్టెలు. వంగి కట్టె కొనను నేలకు తాటించి, లేచి ఎదుటోని కట్టెకు కొడతారు. దాని పేరు 'బీన్ సెట్టింగ్'. చిక్కుడు గింజలు, మా అనుముల్లాంటివి, విత్తడం అని. నేలకు తాటించేది విత్తనానికి గుంత పొడిచినట్టు.

మా జేజినాయన కళ్లముందు కదిలినాడు. కదిరి పక్క మా ఊళ్లో ఆయన కోలాటం గురువు. ఆయన నేర్పిన ఒక కోపులో, అంటే కోలాటం అడుగుల వరసలో, కూడా అట్లే వంగి నేలను తాకాల. 'అనుములు ఏసినట్టు తాకు పాపా' అనేవాడు.

ఆ ఇంగ్లండ్ ఆట ఎట్లా బతికిందో చదివితే నిద్ర పట్టలేదు. 1899 డిసెంబర్ 26న సెసిల్ షార్ప్ అనే సంగీతం అయ్యవారు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్‌లో, అత్తగారింట్లో ఉన్నాడు. వాకిట్లోకి ఆటగాళ్లు వచ్చినారు. కాన్సర్టీనా అనే చేతి హార్మోనియం లాంటిది వాయించే విలియం కింబర్ ఇటుకలు కట్టే పనోడు, 27 ఏళ్లోడు. వాళ్లు ఆడే కాలం అది కాదు, ఎండలొచ్చినాక వచ్చే విట్సన్ పండగకు ఆడాల. చలికి కట్టుబడి పనులు నిలిచిపోయి, నాలుగు డబ్బుల కోసం బయటికొచ్చినారు. కాలం కాని కాలంలో వచ్చినామని కింబర్ నొచ్చుకున్నాడంట.

ఆ మాట దగ్గర ఆగిపోయినా. వాన పడని ఒక ఏడు, కూలి దొరక్క, జేజినాయన గుంపు కూడా ఊళ్లమీద పోయి ఆడి జొన్నలు తెచ్చుకుంది. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది.

మర్నాడు షార్ప్ కింబర్‌ను పిలిపించుకుని ఐదు ఆటల బాణీలు రాసుకున్నాడు. అందులో ఇదొకటి. 1907లో పుస్తకంలో అచ్చయింది. పేరంతా షార్ప్‌కే వచ్చింది గానీ, నా లెక్కలో ఆట నడిచింది ఆడపిల్లల కాళ్లమీద. 1905లో మేరీ నీల్ అనే ఆమె లండన్‌లో కుట్టుపని చేసుకునే పిల్లల క్లబ్బుకు కింబర్‌ను రప్పించింది. నేర్చుకున్న పిల్లలే ఊరూరూ తిరిగి నేర్పినారు.

జేజినాయన కోపులు ఎవరూ రాసుకోలేదు. మా అత్తకు పాటలు వచ్చు, అడుగులు రావు. ఆ గుంపులో ఆడినోళ్లు ఇద్దరు ఇంకా ఉన్నారు. ఆదివారం పోతున్నా. అటక మీది కోలలు దించి, నూనె రాసి పెట్టినా.