ముందు కాళ్లది బొటనవేలు, వెనక కాళ్లది వేలాడే గోరు

మా కుక్క మల్లి మంచం మీంచి దూకిన రోజు నుంచి మొదలుపెడతాను. నాన్న మధ్యాహ్నం పడుకునే నవారు మంచం అది. గేటు దగ్గర ఎవరో పిలిచినట్టు వినపడగానే మల్లి ఒక్క ఎగురు ఎగిరింది, వెనక కాలి గోరు ఒకటి నవారు సందులో ఇరుక్కుంది, ఒళ్లంతా కింద, కాలు మాత్రం మంచం మీదే. అప్పుడది పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. గచ్చంతా రక్తం. కాలు విరిగిందనే అనుకున్నాను, టెన్షన్‌తో చేతులు ఆడలేదు. అమ్మే పాత నూలు చీర ముక్క తెచ్చి గట్టిగా అదిమి పట్టుకుంది, పది నిమిషాలు వదల్లేదు, రక్తం కొంచెం ఆగాక ఆటోలో తీసుకెళ్లాం.

విరిగింది కాలు కాదు. పాదానికి కాస్త పైన, కాలి లోపలి వైపు విడిగా వేలాడే ఒక చిన్న వేలు, దాని గోరు సగం ఊడి పైకి లేచింది. డ్యూ క్లా అంటారు దాన్ని. తెలుగులో దీనికి పేరేమిటా అని చాలామందిని అడిగాను, ఎక్కువమంది "ఆ పైన ఉండే గోరు" అనే అన్నారు. మల్లిని వీధిలోంచి తెచ్చుకున్న కొత్తలో అమ్మ దాని గోళ్లన్నీ లెక్కపెట్టి "దీనికి ఇరవై ఉన్నాయే" అని ఆశ్చర్యపోయింది. మామూలుగా కుక్కకి పద్దెనిమిది ఉంటాయి, ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి. ఆ అదనపు రెండూ వెనక కాళ్లవి. అప్పుడు ముద్దుగా అనిపించింది, అంతకుమించి పట్టించుకోలేదు.

ఆ రోజు గోరు తీసి కట్టు కట్టారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎలాగూ చేయించాలి కాబట్టి తేదీ కోసం మళ్లీ వెళ్తే, అక్కడ ఒకాయన చాలా మామూలుగా, "ఎలాగూ మత్తు ఇస్తాం కదా, నాలుగు కాళ్లవీ తీసేద్దాం, మళ్లీ బెడద ఉండదు" అన్నారు. నేను తలూపాను కూడా. ఇంటికొచ్చాక రాత్రి బ్రూనో గుర్తొచ్చింది.

బ్రూనో మా పాత లాబ్రడార్, పదకొండేళ్లు బతికింది. మా దగ్గరికి వచ్చేసరికి నెలన్నర పిల్ల. ముందు కాళ్లకి ఆ పై వేళ్లు లేవు, ఉండాల్సిన చోట వెంట్రుకల కింద చిన్న మచ్చ ఉండేది. అమ్మినతన్ని అడిగితే పుట్టిన మూడో రోజే తీసేశామని, అందరూ అలాగే చేస్తారని చెప్పాడు. సరే అనుకున్నాం. ఎందుకు తీశారు, నొప్పి పుట్టిందా, మత్తు ఇచ్చారా, ఒక్కటీ అడగలేదు. ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే బాధగా ఉంటుంది.

అందుకే ఈసారి తలూపింది వెనక్కి తీసుకుని, దొరికినంత చదివి, ఇంకో డాక్టరు గారి దగ్గర కూర్చుని అడిగాను. తెలిసింది ఇది.

కుక్క నడిచేది అరికాలి మీద కాదు, వేళ్ల మీద. నాలుగు వేళ్లు నేలకి ఆనతాయి, మనకి బొటనవేలు ఎక్కడుందో అక్కడి వేలు పైనే ఆగిపోయింది. ముందు కాలిలో ఉన్నది నిజంగా బొటనవేలే. మన బొటనవేలిలాగే రెండు ఎముకలు, మధ్యలో కీలు, కండరాల నుంచి వచ్చి దానికి అతుక్కున్న నరాల్లాంటి గట్టి తాళ్లు. డాక్టరు గారు నా వేలు పట్టుకుని మల్లి ముందు కాలి మీద పెట్టించారు. గట్టిగా, కుదురుగా ఉంది, పట్టుకుంటే వెనక్కి లాక్కుంటోంది. తర్వాత బాగున్న వెనక కాలి దాని మీద పెట్టించారు. అది చెవికి పెట్టుకునే జుంకాలాగా అటూ ఇటూ ఊగింది, లోపల ఎముకే తగల్లేదు, చర్మంతో వేలాడుతోంది అంతే. చాలా కుక్కల్లో వెనకవి ఇలాగే ఉంటాయట. అన్నిట్లో కాదు, కొన్నిటికి వెనక కూడా ఎముకతో గట్టిగా అతుక్కునే ఉంటుంది, అనుమానంగా ఉంటే ఎక్స్‌రే తీసి చూస్తారు.

ఈ రెంటినీ ఒకే గాటన కట్టడమే నాకు నచ్చని విషయం. పేరు ఒకటే కాబట్టి నాలుగూ ఒకటే అనుకుంటాం, "డ్యూ క్లాలు తీయించేయండి" అని ఎవరో అంటే ఏ కాలివి అని కూడా అడగం.

తీసేవాళ్లు చెప్పే కారణాలు కొట్టిపారేసేవి కావు. వేట కుక్కలు, పొలాల్లో తుప్పల్లో తిరిగే కుక్కలు ఎక్కడైనా తగిలించుకుంటే గోరు చీరుకుపోతుంది, దానికంటే పుట్టగానే తీసేస్తే మంచిదని పాత రోజుల నుంచీ ఒక అలవాటు. కాలు నున్నగా, తీరుగా కనపడాలని కుక్కల షోలకి, అంటే అందం చూసే పోటీలకి, తిప్పేవాళ్లు తీయిస్తారు. బొచ్చు కత్తిరించేటప్పుడు అడ్డం రాకుండా కొందరు. తోక కత్తిరించేటప్పుడు ఇది కూడా పనిలో పనిగా అయిపోతుంది. ఇంగ్లండులో 2007లో తోకలు కత్తిరించడాన్ని నిషేధించారు, పనిచేసే కొన్ని రకాల కుక్కలకి, వైద్య అవసరాలకి మినహాయింపు పెట్టి. డ్యూ క్లాలు తీయడాన్ని మాత్రం అనుమతించిన పనుల జాబితాలోనే ఉంచారు. అంటే చట్టం కూడా దీన్ని అంత పెద్ద విషయంగా చూడలేదు.

పుట్టిన కొద్ది రోజులకే తీస్తే నొప్పి తెలియదన్న మాట చాలాచోట్ల వినపడుతుంది. అది నిజం కాదు. కళ్లు తెరవని పిల్లకి కూడా నొప్పి ఉంటుంది, చెప్పుకోలేదు అంతే.

ఇంకో సంగతి చదివి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను. ఒకచోట కత్తిరించి పారేసేదే ఇంకోచోట ఉండి తీరాలంటారు. ఫ్రాన్సు నుంచి వచ్చిన బ్రియార్డ్, బోసెరాన్ అనే గొర్రెల కాపరి కుక్కలకి వెనక కాళ్లకి రెండేసి డ్యూ క్లాలు ఉండాలి, లేకపోతే షోలో పనికిరావు. గ్రేట్ పైరనీస్‌కి కూడా వెనక జంటగా ఉండటమే జాతి లక్షణం. జర్మన్ షెపర్డ్ విషయంలో అమెరికన్ కెన్నెల్ క్లబ్ అనే కుక్కల జాతుల సంఘం రాసుకున్నది చూడండి, ముందు కాళ్లవి తీయొచ్చు కానీ మామూలుగా ఉంచేస్తారు, వెనకవి ఉంటే తీసేయాలి. నార్వేలో లుండెహుండ్ అని ఒక చిన్న కుక్క, సముద్రం ఒడ్డు కొండ చరియల్లో పఫిన్ పక్షుల్ని పట్టడానికి పెంచేవాళ్లు, దానికి ఒక్కో పాదానికి కనీసం ఆరు వేళ్లు. జారే రాళ్ల మీద పాకడానికి ఆ వేళ్లే దిక్కు. ఇవన్నీ చదివాక, మనిషి తన అవసరాన్ని బట్టి అదే వేలిని ఒకసారి గొప్ప అనీ ఒకసారి బెడద అనీ అంటున్నాడు కదా అనిపించింది.

ముందు కాలి వేలు ఏం చేస్తుందన్నది మల్లినే చూసి తెలుసుకున్నాను. మటన్ కొట్టు నుంచి పెద్ద బొక్క తెస్తే అది రెండు ముందు కాళ్ల మధ్య పెట్టుకుని, ఆ పై వేళ్లు రెండూ లోపలికి నొక్కి, అచ్చం మనం బొటనవేళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. బ్రూనో బొక్క ఎప్పుడూ జారిపోయేది, గదంతా తోసుకుంటూ తిరిగేది, అది దాని తీరు అనుకునేవాళ్లం. అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెరువు కట్ట కింద వాన పడ్డాక మల్లిని వదిలితే, అది ఉరికి ఒక్కసారిగా పక్కకి తిరిగిన చోట బురదలో నాలుగు వేళ్ల అచ్చుతో పాటు వెనకగా ఇంకో చిన్న గీత పడింది. నెమ్మదిగా నడిచిన చోట ఆ గీత లేదు. వేగంగా పరిగెత్తేటప్పుడు కాలు బాగా వంగి ఆ వేలు నేలకి ఆనుతుంది, మలుపులో కాలు మెలిపడకుండా పట్టు ఇస్తుంది. అడ్డంకులు దాటే పోటీల్లో పాల్గొనే కుక్కల మీద 2018లో అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక సర్వే వచ్చింది, ముందు డ్యూ క్లాలు లేని కుక్కల్లో మిగతా వేళ్లకి దెబ్బలు తగలడం ఎక్కువగా కనపడింది. గోళ్లు పొడుగ్గా పెరిగిన కుక్కల్లోనూ అంతే. బ్రూనో ముసలితనంలో ముందు కాళ్ల నొప్పితో మెట్లెక్కలేకపోయేది, అది ఆ వేళ్లు లేకపోవడం వల్లే అని మాత్రం నేను అనను, లాబ్రడార్లకి కీళ్ల నొప్పులు మామూలే, పైగా అది బరువు కూడా ఎక్కువే ఉండేది.

మల్లికి చివరికి వెనకవి రెండే తీయించాం, ఆపరేషన్‌తో పాటే, అదే మత్తులో. ఒకటి చీరుకుపోయింది, రెండోది రేపో మాపో అంతే అయ్యేలా ఉంది, వాటికి ఎముక లేదు కాబట్టి పని కూడా చిన్నదే. అయినా కట్టు నాకకుండా మెడకి కోన్ వేసి పన్నెండు రోజులు కాపలా కాశాం. మొదటి రెండు రాత్రులు నేను నేల మీదే దాని పక్కన పడుకున్నాను. ముందు కాలిది తీయాలంటే కీలు దగ్గర కోయాలి, తాళ్లు తెంచాలి, కుట్లు ఎక్కువ, నొప్పి ఎక్కువ. వేలు విరిగి కుదరకపోయినా, గడ్డ వచ్చినా, మాటిమాటికీ చీము పట్టినా అది తప్పదు. కానీ ఎప్పుడో చీరుకుంటుందేమో అన్న భయానికి బాగున్న వేలిని తీయడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఉంచుకున్నాక పని మనదే. మామూలుగా నడిచేటప్పుడు ఈ గోరు నేలకి రాసుకోదు కాబట్టి పెద్దగా అరగదు, వంకీ తిరిగి పెరుగుతుంది. మా పక్కింటి పామరేనియన్ కుంటుతోందని నెలంతా కాళ్లకి మందు రాశారు పాపం, ఒకరోజు వాళ్ల అమ్మాయి బొచ్చు తీసి చూస్తే గోరు గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగిపోయి ఉంది. డాక్టరు దగ్గర కత్తిరించి పుండు కడిగాక నాలుగు రోజుల్లో పరిగెత్తింది. మీ కుక్కకి బొచ్చు ఎక్కువైతే ఇవాళే వేలితో తడిమి చూడండి.

నేను రెండు మూడు వారాలకోసారి కత్తిరిస్తాను. మల్లివి నల్ల గోళ్లు, లోపల రక్తం ఎక్కడిదాకా ఉందో కనపడదు, అందుకే కొసలు కొంచెం కొంచెంగా, గోరు మధ్యలో చిన్న నల్ల చుక్క కనపడగానే ఆపేస్తాను. మొదట్లో కట్టర్ చూస్తే మంచం కిందకి దూరేది. ఇప్పుడు అమ్మ దాని నోటి ముందు ఉడకబెట్టిన గుడ్డు ముక్క పట్టుకుంటుంది, నేను ముందు కాలు నా ఒళ్లో పెట్టుకుంటాను, అటు రెండు కటుక్కులు, ఇటు రెండు కటుక్కులు, అయిపోతుంది. ఆ నవారు మంచం మాత్రం మేడ మీదకి ఎక్కించేశాం, నాన్నకి చెక్క మంచం కొన్నాం.