నా లివర్‌పూల్ జాబితాలో పదో పేరు

2006లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ తన అభిమానులను ఒక్కొక్కరికి ఇష్టమైన పదిమంది ఆటగాళ్ల పేర్లు చెప్పమని అడిగింది. ఆ ఓట్లలో మొదటి స్థానం కెన్నీ డాల్గ్లీష్‌కు దక్కింది. 2013లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే స్టీవెన్ జెరార్డ్ ముందుకు వచ్చాడు. డాల్గ్లీష్ ఆడిన ఆటలో ఆ ఏడేళ్లలో వచ్చిన మార్పేమీ లేదు. ఓటు వేసేవాళ్ల వయసు మారిందంతే. ఇలాంటి జాబితా ఎవరిది చూసినా, రాసినవాడు ఏ సంవత్సరాల్లో కుర్రవాడో ముందుగా తెలిసిపోతుంది.

నేను కూడా ఒక జాబితా రాసుకుని, ఏటా సీజన్ ముగిశాక దిద్దుకుంటూ ఉంటాను. తొమ్మిది పేర్ల విషయంలో తోటి అభిమానులు పెద్దగా అభ్యంతరం చెప్పరు. పదో పేరు దగ్గరే గొడవ మొదలవుతుంది.

గోల్స్ లెక్కే కొలమానమైతే ఈ చర్చే అక్కరలేదు. ఇయన్ రష్ 346 గోల్స్ చేశాడు; క్లబ్ చరిత్రలో ఆ సంఖ్యను దాటినవాడు లేడు. అయినా రెండు ఓటింగుల్లోనూ మొదటి స్థానం ఆయనకు దక్కలేదు. రష్‌ను అందరూ గౌరవిస్తారు, డాల్గ్లీష్‌ను మాత్రం ఇంటివాడిలా చెప్పుకుంటారు. 1977లో కెవిన్ కీగన్ క్లబ్ వదిలి వెళ్లినప్పుడు సెల్టిక్‌కు 4,40,000 పౌండ్లు చెల్లించి డాల్గ్లీష్‌ను తెచ్చుకుని, కీగన్ వేసుకున్న ఏడో నంబరు చొక్కానే ఇచ్చారు. మరుసటి మే నెలలో వెంబ్లీలో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్‌లో బెల్జియం జట్టు బ్రూజ్ గోల్‌కీపర్ ముందుకు దూసుకొచ్చినప్పుడు, అతడు నేలకు వాలేదాకా ఓపికపట్టి, బంతిని అతడి మీదుగా మెత్తగా ఎత్తి వేసిన ఆ గోల్‌ను నేను రికార్డింగుల్లోనే చూశాను. ఎన్నిసార్లు చూసినా, ఆ రెప్పపాటు ఆగడం దగ్గర నా ఊపిరి కూడా ఆగుతుంది.

అయితే లివర్‌పూల్ జనానికి ఆయన దగ్గరైంది ఆ గోల్ వల్ల మాత్రమే కాదు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో మైదానంలో జరిగిన తొక్కిసలాట 97 మంది అభిమానుల ప్రాణాలు తీసింది. అప్పటికి జట్టు మేనేజరుగా ఉన్న డాల్గ్లీష్ అంత్యక్రియలకు ఒకదాని తర్వాత ఒకటిగా హాజరయ్యాడు. ఒకే రోజున నాలుగింటికి వెళ్లిన సందర్భం కూడా ఉంది. 1991 ఫిబ్రవరిలో, ఎవర్టన్‌తో 4-4గా ముగిసిన కప్ మ్యాచ్ జరిగిన రెండు రోజులకే, ఆ భారం ఇక మోయలేక పదవి వదిలేశాడు. అందుకే ఆయన ఆటను కళ్లారా చూడని తరం వాళ్ల జాబితాల్లో కూడా ఆయన పేరు కనిపిస్తుంది.

ఇక జెరార్డ్ నా తరం వాడు కాబట్టి, నా మాటను కొంత తగ్గించుకుని చదవవచ్చు. 2005 మే 25న ఇస్తాంబుల్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో జట్టు మొదటి అర్ధభాగంలోనే మిలాన్ చేతిలో 0-3తో వెనకబడింది. 54వ నిమిషంలో ఎడమ వైపు నుంచి రీసా పంపిన బంతిని జెరార్డ్ గాలిలోకి లేచి తలతో గోల్‌లోకి మళ్లించాడు. నాకు ఆ గోల్ కన్నా దాని తర్వాతి క్షణాలే ఎక్కువ గుర్తు. సంబరం చేసుకోకుండా తమ సగంలోకి తిరిగి పరుగెత్తుతూ, రెండు చేతులూ కింది నుంచి పైకి ఊపి, లేవండి, అరవండి అని అభిమానులను రెచ్చగొట్టాడు. ఆరు నిమిషాల్లో స్కోరు 3-3 అయింది. అదనపు సమయంలో అదే మనిషి అలసిన కాళ్లతో రైట్ బ్యాక్‌గా నిలబడి మిలాన్ ఆటగాడు సెర్జీన్యోను అడ్డుకుంటూ వచ్చాడు. చివరికి పెనాల్టీల్లో కప్పు లివర్‌పూల్‌కు దక్కింది. అలాంటివాడు 2014 ఏప్రిల్‌లో చెల్సీ మీద కాలు జారి గోల్ ఇచ్చేశాడు. లీగ్ టైటిల్ గెలవకుండానే 2015లో వెళ్లిపోయాడు. ఆ జారుడును ప్రత్యర్థి అభిమానులు ఇప్పటికీ పాటగా పాడతారు. దానివల్ల మా వాళ్లకు ఆయన మీద ప్రేమ పెరిగిందే తప్ప తగ్గలేదు.

ప్రేమ ఎలా పుడుతుందో తెలుసుకోవాలనుకునేవారు మా ఇద్దరు గోల్ వీరులు రాబీ ఫౌలర్‌ను, మైకేల్ ఓవెన్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. ఓవెన్ 2001లో ఎఫ్.ఎ. కప్ ఫైనల్ చివరి నిమిషాల్లో ఆర్సెనల్ మీద రెండు గోల్స్ చేసి కప్పు తెచ్చాడు, అదే ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి'ఓర్ కూడా అందుకున్నాడు. తర్వాత రియల్ మాడ్రిడ్‌కు, అక్కడి నుంచి న్యూకాసిల్‌కు, ఆ తర్వాత మా బద్ధ ప్రత్యర్థి మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లాడు. ఆ మాంచెస్టర్ మజిలీని ఎవరూ క్షమించలేదు. 1994లో ఆర్సెనల్ మీద 4 నిమిషాల 33 సెకన్లలో హ్యాట్రిక్ కొట్టిన ఫౌలర్‌ను క్లబ్బే 2001లో అమ్మేసింది. 2006 జనవరిలో అతడు తిరిగి వచ్చేనాటికి ఆ పాత వేగం మిగల్లేదు, మా సొంత మైదానం ఆన్‌ఫీల్డ్ మాత్రం తప్పిపోయిన కొడుకు ఇల్లు చేరినట్టు స్వాగతం పలికింది. అక్కడి వీరాభిమానులు నిండే కోప్ స్టాండ్ అతడికి పెట్టిన ముద్దుపేరు 'దేవుడు'.

ఈ తరం వాళ్లలో మొహమ్మద్ సలాను ఎక్కడ ఉంచాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. 2017లో వచ్చిన మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 32 గోల్స్ చేసినవాడు, 2024-25లో 29 గోల్స్ చేసి, మరో 18 చేయించి, జట్టుకు ఇరవయ్యో టైటిల్ తెచ్చిపెట్టాడు. నా లెక్కలో అతడు మొదటి నలుగురిలో ఉంటాడు. డిఫెండర్ వాన్ డైక్ విషయంలో వాదించేవారెవరూ నాకు ఇంతవరకూ తారసపడలేదు. ఫార్వర్డ్ జోటా పేరు మాత్రం ఇకమీదట ఏ కొలతకూ అందదు. 2025 జూలై 3న స్పెయిన్‌లో కారు ప్రమాదంలో అతడు, అతడి తమ్ముడు చనిపోయారు. క్లబ్ 20వ నంబరును ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. ఆ తర్వాతి సీజన్‌లో ఇరవయ్యో నిమిషం రాగానే, ఆటలో ఏం జరుగుతున్నా, స్టాండ్లలో అతడి పాట మొదలయ్యేది.

ఇక పదో పేరు లూకాస్ లీవా. 2007లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఈ మిడ్‌ఫీల్డర్‌ను సొంత అభిమానులే మొదట్లో ఈసడించారు. జెరార్డ్ పక్కన నిలబడే అర్హత లేదన్నారు. అలా అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అతడు నోరెత్తకుండా ఆడుతూ పోయాడు. 2010-11 సీజన్‌లో ఉత్తమ ఆటగాడిగా అతడినే ఆ అభిమానులు ఓటేసి ఎన్నుకున్నారు. 2011 చివర మోకాలి గాయమై నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. పదేళ్లలో 346 మ్యాచ్‌లు ఆడి చేసిన గోల్స్ ఏడు. రష్ గోల్స్ సంఖ్యా, లూకాస్ మ్యాచ్‌ల సంఖ్యా ఒకటే కావడం నాకెప్పుడూ తమాషాగా అనిపిస్తుంది.

2017 జనవరిలో నాలుగో అంచె జట్టయిన ప్లిమత్ మీద కప్ మ్యాచ్‌లో కూటీన్యో కార్నర్ కొట్టగా, లూకాస్ తలతో గోల్ చేశాడు. అంతకుముందు అతడు గోల్ చేసింది 2010 సెప్టెంబరులో. మ్యాచ్ 1-0తో ముగిసింది, చెప్పుకోదగ్గ ఆట కూడా కాదు. ఆ రాత్రి నేను ఆ ఒక్క గోల్‌నే తొమ్మిదిసార్లు వెనక్కి తిప్పి చూశాను.