స్కోపుకు పడ్డ సొట్ట ఎవరిది?

నల్గొండ గడియారం సెంటర్ దగ్గర పంతొమ్మిదేళ్లుగా కళ్లద్దాల కొట్టు నడుపుతున్నాను. ఫ్రేము విరగ్గొట్టుకుని వచ్చేవాళ్లందరూ చెప్పే మాట ఒకటే. "నేనేం చెయ్యలేదన్నా, దానంతట అదే ఇరిగింది." పక్కన ఫెవిక్విక్ మరక కనబడుతూనే ఉంటుంది. ఈ ఏడాది మార్చిలో అదే మాట నేను ఒక సర్వీస్ సెంటర్ అమ్మాయితో ఫోన్‌లో అన్నాను. "నేనేం చెయ్యలేదమ్మా, దానంతట అదే పోయింది." అన్న మరుక్షణం నోరు కరుచుకున్నాను.

పోయింది ఎయిర్ గన్ మీద పెట్టే స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి గొట్టం. నా దగ్గరున్నది బారెల్ విరిచి స్ప్రింగ్ ఎక్కించే మామూలు దేశీ రైఫిల్, 4.5 మిల్లీమీటర్లది. 20 జౌల్స్ లోపు శక్తి ఉండి, 4.5 మి.మీ. మించని ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. కనగల్ వైపు మా బామ్మర్దికి బత్తాయి తోట ఉంది. అక్కడ పాత మోటారు గది గోడకు ఇసుక బస్తాలు పేర్చి, ముందు అట్ట కట్టి, దాని మీద కాగితం అంటించి కొడతాను. ఆదివారం పొద్దున రెండు గంటలు, అంతే. కోతులను కొట్టమని తోట చుట్టుపక్కల వాళ్లు అడుగుతారు. కొట్టను. పిట్టలనూ కొట్టను. అడిగినప్పుడల్లా ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది కాబట్టి ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

నలభై ఏడేళ్లొచ్చాయి. రైఫిల్ ముందు మొన, వెనక గాడి, దూరంగా కాగితం, ఈ మూడూ ఒకేసారి స్పష్టంగా కనబడే వయసు దాటిపోయింది. చత్వారం గురించి రోజుకు పదిమందికి చెప్పేవాణ్ణి, నా కళ్లకు మినహాయింపు ఎక్కడిది? అందుకే జనవరిలో ఆన్‌లైన్‌లో 4,600 రూపాయలు పెట్టి స్కోపు తెప్పించాను. అమ్మకం పేజీలో "అన్ని రకాల ఎయిర్ గన్‌లకూ, స్ప్రింగ్ గన్‌లకు కూడా" అని ఉంది. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నాను. ఎందుకు తీశానో అప్పుడు నాకే తెలియదు. వ్యాపారం చేసేవాడి అలవాటు అనుకోండి.

స్ప్రింగ్ గన్ అని ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది. తూటా తుపాకీ పేలితే వెనక్కి ఒక్క తన్ను తన్నుతుంది. స్ప్రింగ్ గన్ అలా కాదు. లోపల బరువైన పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర, నలిగిన గాలి మీద ఠక్కున ఆగగానే తుపాకీ ముందుకు గుంజుకుంటుంది. భుజానికి తెలిసేది తక్కువే, స్కోపుకు మాత్రం రెండు వైపులా దెబ్బ. వెనక్కి తన్నే దెబ్బను మాత్రమే లెక్కలోకి తీసుకుని లోపలి అద్దాలను బిగించిన స్కోపు, ఎంత పెద్ద వేట తుపాకీదైనా సరే, ఈ ముందు గుంజుడుకు వదులైపోవచ్చు. నింపుడు గాలితో పనిచేసే పీసీపీ రైఫిల్‌లో పిస్టనే లేదు కాబట్టి ఈ గొడవ లేదు. పెల్లెట్, అంటే అందులో వేసే చిన్న గుండు, లేకుండా ఖాళీగా పేలిస్తే మరీ ప్రమాదం. పిస్టన్‌కు ముందు ఆపేది ఏదీ ఉండదు, ఇనుము మీద ఇనుము పడ్డట్టే. మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చి అలా మూడుసార్లు పేల్చాడు. "ఖాళీగనే కదా మామా కొట్టిన, గోలీ కూడ లేదు" అన్నాడు. వాడి లెక్కలో అది జాగ్రత్త.

బిగించడంలో నేను చేసిన తప్పులు ఇప్పుడు వరసగా కనబడుతున్నాయి కానీ, అప్పుడు ఒక్కొక్కటీ తెలివి లాగానే అనిపించింది.

మొదటిది, తుపాకీ మీద ఉన్న 11 మి.మీ. పట్టాల నూనె తుడవలేదు. కొత్త తుపాకీ కదా, తుప్పు పట్టకుండా కంపెనీ వాళ్లే పూసి పంపారు, మంచిదే కదా అనుకున్నాను. రెండోది, మౌంటు కింద, అంటే స్కోపును రెండు రింగులతో పట్టి తుపాకీకి బిగించే దిమ్మ కింద, చిన్న పుల్లలాంటి మేకు ఉంటే, అది అడ్డొస్తోందని పైకి తిప్పేశాను. పట్టా వెనక వైపున్న చిల్లులో ఆ మేకు దిగాలి. తుపాకీ ముందుకు గుంజుకున్నప్పుడు స్కోపు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, అంటే పట్టా మీద వెనక్కి జారుతుంది. దాన్ని ఆపేది ఆ మేకే. యాభై దెబ్బలకు మౌంటు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి పాకింది. పట్టా మీద గీరిన గీత చూస్తే గానీ నమ్మలేదు. స్పిరిట్‌తో తుడిచి, మేకు దించి, మళ్లీ బిగించాను. జారడం ఆగింది.

మూడోదే అసలు తప్పు. గుండు గురి కంటే నాలుగైదు సెంటీమీటర్లు కిందికి పడుతోంది. బారెల్ విరిచే తుపాకుల్లో ఇది మామూలే, బారెల్ మొన కాస్త కిందికి వంగి ఉంటుంది. నేను స్కోపు పై మీటను తిప్పుతూ పోయాను. ఒక క్లిక్‌కు పావు మినిట్ కోణం (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్), పది మీటర్ల దగ్గర అది ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. అరవై క్లిక్కులు తిప్పేసరికి మీట చివరికొచ్చి ఆగిపోయింది. అలా చివరిదాకా తిప్పితే, లోపలి చిన్న గొట్టాన్ని అదిమి పట్టే స్ప్రింగ్ వదులవుతుంది. గొట్టం ఊగుతుంది. ఒక గుండు ఇక్కడ, ఒకటి అక్కడ.

దీనికి పాత చిట్కా ఒకటుంది. వెనక రింగు కింద సన్నని ముక్క పెట్టి స్కోపు తోకను కాస్త లేపడం. పక్కనే ఫొటో స్టూడియో, అక్కడ ఎవరికీ అక్కర్లేని నెగెటివ్‌లు డబ్బాల కొద్దీ ఉన్నాయి. లెక్క కట్టాను. రింగుల మధ్య దూరం పది సెంటీమీటర్లు. ఫిల్ము మందం మిల్లీమీటరులో ఏడో వంతు దాకా ఉంటుంది. ఒక ముక్క పెడితే పది మీటర్ల దగ్గర గుండు ఒకటిన్నర సెంటీమీటరు పైకొస్తుంది. మూడు ముక్కలు పెడితే నాలుగు పైచిలుకు. లెక్క సరిపోయిందని మురిసిపోయి మూడూ పెట్టాను. ఎవరి పెళ్లిదో, నెగెటివ్‌లో పెళ్లికూతురు నల్ల మొహం, తెల్ల జుట్టుతో రింగులోకి పోయింది.

లెక్కలో లేనిది ఏమిటంటే, ఒక రింగు నేరుగా ఉండి, రెండోది పైకి లేస్తే గొట్టం వంగాలి. అది అల్యూమినియం. దాని మీద నేను L ఆకారపు అలెన్ కీని పొడవు వైపు పట్టుకుని, శక్తికొద్దీ బిగించాను. రింగు మరలకు 15 నుంచి 20 అంగుళ పౌండ్లు చాలు. చేతి లెక్కలో చెప్పాలంటే కీ పొట్టి వైపు రెండు వేళ్లతో పట్టుకుని, ఇక తిరగనంటే అక్కడ ఆగిపోవడం. కళ్లద్దాల మరలను అలాగే బిగిస్తాను రోజూ. తుపాకీ అనగానే చేతికి పహిల్వాన్ వచ్చి కూర్చున్నాడు.

మార్చి రెండో వారానికి మూడు వందల దెబ్బలు అయ్యాయి. గుళ్లు చెదరడం మొదలైంది. కుడికి పది క్లిక్కులు తిప్పితే ఏమీ కదలదు. మరో రెండు తిప్పి కొడితే ఒక్కసారిగా రెండు సెంటీమీటర్లు దూకుతుంది. ఒక ఆదివారం కన్ను పెట్టేసరికి స్కోపు లోపల గురి చూసే నిలువు గీత పక్కకు వాలి ఉంది, పన్నెండు దాటి ఐదు నిమిషాలు చూపించే ముల్లులాగా. ఊపితే లోపల గలగలమని చిన్న చప్పుడు.

స్కోపుదే తప్పని తేల్చుకునే ముందు మరలు చూశాను, మౌంటు కదలలేదు. పెల్లెట్లు మార్చాను. చివరికి స్కోపు తీసేసి, కళ్లు చిట్లించుకుంటూ తుపాకీకి ఉన్న మొన, గాడితోనే ఐదు కొట్టాను. ఐదూ రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. అంటే తుపాకీ బాగుంది, నేనూ బాగున్నాను. స్కోపు తీసినప్పుడే వెనక రింగు ఉన్నచోట గొట్టం చుట్టూ సన్నని సొట్ట కనబడింది. వేలితో తడిమితే తగులుతుంది.

ఆ రాత్రి కొట్లో షట్టర్ సగం దించుకుని కూర్చున్నాను. నా దగ్గర లేని స్క్రూడ్రైవర్ లేదు, భూతద్దం ఉంది, అద్దాల పని చేతిలో ఉంది. కంటి వైపు రింగు విప్పితే చాలు, లోపల ఏం ఊడిందో చూడొచ్చు. చెయ్యి అంతదాకా పోయింది. మా ఆవిడ ఫోన్ చేసి, "అన్నం చల్లారిపోతుంది, వస్తున్నరా లేదా" అనడంతో ఆగాను. ఆ ఫోన్ రాకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. స్కోపు లోపల తేమ చేరకుండా నైట్రోజన్ నింపి మూస్తారు. ఒకసారి విప్పితే ఆ వాయువూ పోతుంది, వారంటీ కూడా పోతుంది. వానాకాలం వచ్చేసరికి అద్దం లోపల మంచు పడుతుంది.

సర్వీస్ సెంటర్‌కు బిల్లు, సీరియల్ నంబరు, గీత వాలిన వీడియో పంపాను. బబుల్ కవర్‌లో చుట్టి, డబ్బాలో డబ్బా పెట్టి, ప్యాక్ చేసేటప్పుడు నాలుగు వైపులా ఫొటోలు తీసి కొరియర్ చేశాను. ఆ సొట్ట ఫొటో కూడా అందులో ఉంది. దాచలేదు, కానీ దాని గురించి నోరెత్తనూ లేదు. పన్నెండు రోజులకు జవాబు. "భౌతిక నష్టం. వారంటీ వర్తించదు. తిరిగి పంపడానికి 350 రూపాయలు కట్టండి."

అప్పుడే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, పైన చెప్పిన డైలాగు కొట్టింది. ఆమె ఓపికగా, "సార్, ట్యూబ్ మీద రింగు గుర్తు ఉంది సార్" అంది. ఆమెది అబద్ధం కాదు. రెండు రోజులు కోపం తగ్గనిచ్చి మెయిల్ రాశాను. సొట్ట నాదే అని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. రెండో వాక్యంలో, వెనక రింగు దగ్గర సొట్టకూ, లోపల గీత గుండ్రంగా తిరిగిపోవడానికీ సంబంధం ఏమిటో మీ టెక్నీషియన్‌తో రాయించి పంపండి అన్నాను. సొట్ట లోపలి గొట్టాన్ని నొక్కితే క్లిక్కులు పట్టేస్తాయి, ఆ దూకుడు నా వల్లే కావచ్చు. గీత ఉన్న కడియం వదులై తిరిగితే అది బిగింపు లోపం. స్ప్రింగ్ గన్‌కు పనికొస్తుందన్న మీ పేజీ ఫొటో ఇదిగో అని జత చేశాను. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం నేను ఉండే నల్గొండలోనే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చనీ, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదనీ చివర రాశాను. బెదిరింపులా ఉంటుందేమోనని ఆ వాక్యం మూడుసార్లు తీసి, నాలుగుసార్లు పెట్టాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను.

టెక్నీషియన్ రాత రాలేదు. ఆరో రోజు వాళ్లే ఫోన్ చేశారు. పూర్తిగా ఉచితం కుదరదు, 1,200 కడితే కొత్తది ఇస్తామన్నారు. మా స్టూడియో అన్న, "కట్టకు, కేసు వెయ్యి" అన్నాడు. కట్టాను. మూడు ఫిల్ము ముక్కలకు 1,200 ఎక్కువే, కానీ సున్నా మాత్రం కాదని నా లెక్క. ఆ గీత ఎందుకు తిరిగిందో వాళ్లు రాసివ్వకపోవడం మీద మాత్రం ఇప్పటికీ మంట ఉంది.

జూన్‌లో కొత్తది వచ్చింది. ఈసారి ముందు చక్రం తిప్పి, పది గజాలంత దగ్గరికి కూడా దూరం సరిచేసుకునే రకం అడిగి తీసుకున్నాను. పాతదాంట్లో ఆ సౌకర్యం లేదు, తల కాస్త కదిపితే గీత కాగితం మీద జరిగినట్టు కనబడేది. కళ్ల ముందు వేలు పెట్టుకుని తల ఆడిస్తే వెనకనున్న కరెంటు స్తంభం జరిగినట్టుంటుంది చూడండి, అదే. వంగిన బారెల్ కోసమే వాలుగా చేసిన మౌంటు వేరే దొరుకుతుంది, ఒకే ముక్క, అది కొన్నాను. పట్టా స్పిరిట్‌తో తుడిచాను, మేకు దించాను. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, తెరిచేసరికి నిండు వృత్తం కనబడేదాకా స్కోపు ముందుకూ వెనక్కూ జరిపాను. కొట్లో గోడకు దారం కట్టి కింద తాళంచెవి వేలాడదీసి, నిలువు గీతను ఆ దారంతో కలిపాను. రింగు మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, పొట్టి వైపు రెండు వేళ్లతో తిప్పాను. రెండు పక్కలా సందు సమానంగా ఉందా అని విజిటింగ్ కార్డు దూర్చి చూశాను. చివర మా ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో మౌంటు మీద నుంచి పట్టా మీదికి ఒక గీత. అది విరిగితే మౌంటు జారినట్టు. సీసా తెచ్చినందుకు ఆమెకు కొత్త సీసా కొనివ్వాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఇది కొట్లో చెప్పేదే. అద్దం మీది దుమ్మును చొక్కా అంచుతో తుడవకండి. మన తోటల దుమ్ములో ఇసుక ఉంటుంది, కోటింగ్ మీద గీతలు పడతాయి. ముందు గాలితో ఊది, తర్వాత మెత్తటి గుడ్డ. నోటితో ఊదొద్దు, తుంపర పడుతుంది.

తోటలో మోటారు గది కిటికీలో పెల్లెట్ డబ్బా, పక్కన ఒక నోటు పుస్తకం పెట్టాను. ఎవరు ఎన్ని కొట్టినా రాయాలని నియమం. మేనల్లుడు బతుకమ్మ సెలవులకు వచ్చి రెండు రోజులున్నాడు. నిన్న చూస్తే నా లెక్క 412 దగ్గర ఆగి ఉంది, దాని కింద వాడి చేతిరాత: "40. అన్నింట్లో గోలీ ఉంది మామా."