బోదె మీద దారి: తూరల మధ్య బుంగ మళ్ళీ తెరుచుకుంది

మళ్ళీ బుంగే! మా పొలాల మధ్య మురుగు బోదె (చిన్న కాలువ) దాటడానికి సిమెంటు తూరలు (గొట్టాలు) వేసి, పైన మట్టి కప్పి దారి చేశాం. ఆ మట్టిలో నీరు తొలిచే కన్నమే ఈ బుంగ. లోడు ట్రాక్టర్ దర్జాగా దాటింది, తూరలు ఎక్కడా బీటలు వారలేదు. ఆ సంతోషం రాత్రి వాన పడేదాకానే. తెల్లారి వెళ్తే ఎగువన నీరు చిన్న సుడి తిరుగుతోంది. దిగువన రెండు తూరల నడుమ నుంచి మట్టి నీరు తన్నుకొస్తోంది. అక్కడ నాలుగడుగుల ఇనుప కడ్డీ పెడితే అడ్డన్నదే లేకుండా మొత్తం దిగిపోయింది.

కొత్తగా చదివేవాళ్ళకి కొలతలు: మురుగు బోదె అడుగు వెడల్పు 6 అడుగులు, లోతు నాలుగున్నర. వేసినవి 600 మిల్లీమీటర్ల ఎన్‌పీ3 (బరువు మోసే ఇనుప కడ్డీల కాంక్రీటు రకం) తూరలు, పక్కపక్కన రెండు వరసలు, దారి అడ్డం 5 మీటర్లు. 900 తూర ఒక్కటి వేస్తే చాలు కదా అని చాలామంది అడిగారు. నీరు పోయే వైశాల్యం దానికే కాస్త ఎక్కువ, 0.64 చదరపు మీటర్లు. రెండు 600లకి 0.57. కానీ దాని మీద అడుగున్నర మట్టి కప్పితే దారి గట్టు కన్నా ఎత్తైపోతుంది, కొబ్బరికాయల ట్రక్కు ఆ ఏటవాలు ఎక్కలేదు. అందుకే రెండు. తూరల మందం పోగా వాటి మధ్య మిగిలింది 9 అంగుళాలు. గోల అంతా ఆ 9 అంగుళాల్లోనే.

మొదట పీతల బొరియలు అనుకున్నాను. మా గట్లకి పీతలే పెద్ద శత్రువులు. కానీ పీత గట్టులో ఎక్కడైనా తవ్వుతుంది, ఈ బుంగ మాత్రం ప్రతిసారీ నడిమధ్యే. తర్వాత కాలర్ జాయింట్ (తూరా తూరా కలిసే చోట వేసే పట్టీ అతుకు) మీద అనుమానం వచ్చింది. చెరువుల్లో వాడే పొటాషియం పర్మాంగనేట్ గుప్పెడు తెచ్చి ఎగువ సుడిలో వేశాను. జాయింట్ కారుతుంటే తూర లోపల ఊదారంగు కనిపించాలి, కనిపించలేదు. సుమారు 40 సెకన్లకి అవతల తూరల మధ్య నుంచి వచ్చింది. 16 అడుగుల మట్టిలోంచి నీరు అంత తొందరగా ఊరదు. లోపల గొట్టంలా దారి పడిందన్నమాట. ఆ నీళ్ళు లీటరు సీసాలో పట్టి రాత్రంతా ఉంచితే అడుగున అర అంగుళం మట్టి పేరింది. తేట నీరు కారితే నాకు టెన్షన్ లేదు. ఇది లోపలి మట్టిని మోసుకుపోతోంది.

ఎందుకు? తూర పొట్ట కింద, ఆ ఇరుకులో మట్టి గట్టిపడేలా కొట్టే దిమ్మిస దూరదు, అదే పని చేసే యంత్రం ప్లేట్ కంపాక్టర్ అసలే దూరదు. పైగా మట్టి వేసింది కాలువలకి నీరు ఆపేసిన మే నెలలో. మా ఒండ్రుమట్టి ఎండకి బిగుసుకుని తూరని వదిలేసి పక్కకి జరుగుతుంది. ఇంకొకటి, పున్నమి అమావాస్యలకి పోటు నీరు పెద్ద డ్రెయిన్‌లోంచి మా బోదె దాకా ఎదురు తన్నుతుంది. అంటే మట్టిని రెండు వైపుల నుంచీ కోస్తోంది.

అన్నిటికీ మించి గుర్రపు డెక్క. మామూలుగా ఎగువ దిగువ నీటిమట్టాల తేడా 4 అంగుళాలు. డెక్క తూరల మూతికి అడ్డం పడ్డాక 14. బ్లై అనే ఇంజనీరు పాత లెక్క ప్రకారం సన్న ఇసుక, ఒండ్రు కలిసిన నేలలో మట్టిలో నీరు పాకే దారి పొడవు ఆ తేడాకి 18 రెట్లుండాలి. 14కి 18 రెట్లంటే 21 అడుగులు, నాకున్నది పదహారున్నర. (కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిందీ ఇసుక మీదే, ఈ లెక్కలు పుట్టకముందు. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.)

మా మేస్త్రి మాత్రం “నాలుగు ఇసుక బస్తాలు కొట్టేస్తే ఆగిపోద్దండి, ఆయ్” అన్నారు. కొట్టాం. బస్తాకీ బస్తాకీ మధ్య సందుల్లోంచి వచ్చేసింది. ఎండకి ఆ ప్లాస్టిక్ సంచులు ఒక సీజన్ కూడా ఆగవు, నాకు వాటి మీద నమ్మకం పోయింది.

ఇప్పుడు అనుకుంటున్నది ఇదీ. నీరు తగ్గాక మధ్య మట్టి పూర్తిగా తోడేసి, తూరల సగం ఎత్తు వరకు పల్చటి కాంక్రీటు పోయడం. దానికి దిమ్మిస అక్కర్లేదు, పొట్ట కిందకి తనే పారుతుంది. ఎగువ మూతి దగ్గర బోదె అడుగు నుంచి రెండున్నర అడుగుల లోతు అడ్డుగోడ. నీరు దిగి మళ్ళీ ఎక్కాలి కాబట్టి అది పాకే దారి 5 అడుగులు పెరిగి లెక్క సరిపోతుంది. సిమెంటు పీపీసీయే (బూడిద లాంటివి కలిపిన రకం) తీసుకుంటాను. మామూలు సిమెంటులో 53 గ్రేడ్ అని షాపులో ఎంత చెప్పినా మా ఉప్పు నేలకి ఇదే మేలు. దిగువన మాత్రం గోడ కట్టను. ముందు ఇసుక, దాని మీద చిప్స్ (సన్న కంకర), ఆపైన 40 ఎంఎం కంకర పరుస్తాను. ఊరే నీరు ఊరనీ, మట్టి మాత్రం ఆగాలి.

డెక్కకి మూతి ముందు మూడడుగుల దూరంలో సరుగుడు కర్రలు ఏటవాలుగా, జానెడు ఎడంతో. ఇది ఈ వారమే. ఒక మాట, ఇది మా పొలాల మధ్య సొంత బోదె. ప్రభుత్వ డ్రెయిన్ అయితే ఇరిగేషన్ వాళ్ళ అనుమతి లేకుండా తట్ట మట్టి కూడా వేయకండి.

అప్పటిదాకా బుంగలో బంకమట్టి కూరి, ట్రాక్టర్‌ని ఇవతలే ఆపుతున్నాం. వచ్చే దింపు (కొబ్బరికాయల కోత) కాయలు మోటారు సైకిల్ మీద బస్తాల్లో దాటించాలి. దాటించే కూలీలు మనిషికి ఎంత అడుగుతారో ఇంకా బేరం తేలలేదు.