ఒకటిన్నర రోజులో హంపి: ఏవి చూడాలో ఎలా తేల్చుకున్నాం

నిరుడు డిసెంబరులో నాన్నగారితో కలిసి హంపికి వెళ్లినప్పుడు మా చేతిలో ఉన్నది శనివారం పొద్దుటి నుంచి ఆదివారం మధ్యాహ్నం వరకు మాత్రమే. నేను మొదట రాసుకున్న జాబితాలో బాదామి, ఐహొళె, పట్టదకల్లు కూడా ఉన్నాయి. హంపికి దగ్గరి పట్టణమైన హొసపేట నుంచి బాదామికి కారులో ఎంత లేదన్నా మూడు గంటలు పడుతుందని తెలిశాక, పట్టదకల్లు మీద ఎంత మక్కువ ఉన్నా ఆ మూడింటినీ కొట్టివేశాను. చాళుక్యుల గుళ్లను చూడడానికి విడిగా మరోసారి వెళ్లడమే వాటికి మర్యాద అనిపించింది.

హంపి ఒక్కటే అనుకున్నా భారం తగ్గలేదు. యునెస్కో 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన ప్రాంతం 41 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుని ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి మాతంగ పర్వతం, నది అవతలి అంజనాద్రి మొదటే పోయాయి. అదే గట్టున ఉన్న పాత ఊరు ఆనెగొందిని వదులుకోవడానికి మాత్రం మనసు చాలాసేపు ఒప్పలేదు.

మిగిలిన వాటిని రోజులవారీగా పంచడంలో టికెట్టే దారి చూపింది. విఠలాలయం, కమల మహల్ ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడింటికీ ఒకే టికెట్టు, అదీ కొన్న రోజుకే చెల్లుతుంది. అందుకని వాటిని శనివారానికి, టికెట్టు అక్కరలేని గుళ్లను ఆదివారానికి కేటాయించాను. శుక్రవారం మ్యూజియానికి సెలవు కనుక ఒకరోజు ముందు బయలుదేరి ఉంటే ఈ లెక్క కుదిరేది కాదు. ఎండ ముదరక ముందే విఠలాలయం చూసేశాం. కారు నిలిపే చోటి నుంచి గుడి దాకా బ్యాటరీ బండి ఉండడం నాన్నగారికి పెద్ద ఊరట. కమల మహల్, ఏనుగుల శాలలకు కలిపి అరగంట సరిపోయింది.

అలా మిగుల్చుకున్న సమయమంతా హజార రామాలయానికి ఇచ్చాను, అందుకు ఈనాటికీ సంతోషిస్తున్నాను. మండపం బయటి గోడలపై రామాయణం మూడు వరుసలుగా సాగుతుంది. ప్రదక్షిణం చేస్తూ ఒక్కో వరుసనూ చదువుకుంటూ పోవాలి. యజ్ఞపురుషుడు పాయసపాత్రతో పైకి లేచే చోట, రాముడు ఏడు మద్దిచెట్లను ఒక్క బాణంతో కొట్టే చోట నాన్నగారు చేతికర్ర ఆనించుకుని నిలబడి, ఆ ఘట్టం మొత్తం నాకు చెప్పారు. రెండు గంటలు గడిచాయి. దాంతో రాణీ స్నానఘట్టం జాబితాలోంచి పోయింది.

ఆదివారం విరూపాక్షుని దర్శనం అయ్యాక నేరుగా కృష్ణాలయానికి వెళ్లాం. ఎంత సమయం తక్కువైనా దీన్ని మాత్రం తీసెయ్యకూడదని బయలుదేరే ముందే నిశ్చయించుకున్నాను, ఎందుకంటే నాన్నగారి బాల్యమంతా నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండ కిందే గడిచింది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోటను గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని తెచ్చి ప్రతిష్ఠించడానికి కట్టించిన గుడి ఇది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. గర్భగుడిలో స్వామి లేడు.

"అమ్మాయీ, మా ఊరి స్వామి కూర్చున్న చోటు ఇదేనన్నమాట" అని నాన్నగారు గడప దగ్గరే చెప్పులు విడిచి, ఆ చీకట్లోకి చేతులు జోడించారు. పూజలు లేని గుడి అని నేను చెప్పబోయి ఊరుకున్నాను. తరువాత ఆయన ప్రాకారంలో ఒక రాతి మెట్టు మీద కూర్చుని, చిన్నప్పుడు ఆ కొండెక్కి కోట గోడల మధ్య తిరిగిన సంగతులు చాలాసేపు చెప్పారు. చివరికి ఉగ్రనరసింహుని దగ్గర మాకు మిగిలింది పది నిమిషాలే.