మెల్లగా అంటే తల దించే గుర్రం

గుర్రాల పని నాకు బాగా వచ్చన్న నమ్మకంతోనే దుబాయి వెళ్లాను. విశాఖ ఆర్కే బీచ్‌లో మా చిన్నాన్న గుర్రాలు తిప్పేవాడు. బడి వదిలాక నేనూ వెళ్లి, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర పిల్లల్ని జీను మీద కూర్చోబెట్టి ఇసుకలో ఓ చుట్టు తిప్పి తెచ్చేవాణ్ణి. గుర్రం బెదిరిందంటే కళ్లెం గుంజి పట్టుకోవడం, గట్టిగా అదిలించడం. పెద్దవాళ్లు అలా చేశారు, మేమూ అలాగే చేశాం.

అక్కడ నాకు దొరికింది ఊరికి దూరంగా ఎడారిలో, ఎండ్యూరెన్స్ పందేల (దూరప్పరుగు పందేల) గుర్రాల శాలలో గ్రూమ్ ఉద్యోగం, అంటే గుర్రాల్ని చూసుకునే పని. మనిషికి నాలుగేసి గుర్రాలు. రాత్రి మూడింటికే లేచి పేడ ఎత్తి, దాణా పెట్టి, గిట్టలు గీకి, తెల్లారేలోగా జీనులు బిగించాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ నియమం. ఆ వేళ గదిలో ఆరుగురం పడుకుని ఇళ్లకు ఫోన్లు చేసుకునేవాళ్లం.

ఈ పందేల సంగతి కాస్త చెప్పాలి. వంద కిలోమీటర్లు, 120, 160 కూడా ఉంటాయి. ఒక్కసారిగా పరిగెత్తించరు. కొంత దూరానికోసారి గుర్రాన్ని ఆపి పశువుల డాక్టర్లు చూస్తారు. ఊరికే నిలబడ్డ గుర్రం గుండె నిమిషానికి సుమారు ముప్ఫై నుంచి నలభై సార్లు కొట్టుకుంటుంది. పరిగెత్తి వచ్చినదాన్ని మేం నీళ్లు పోసి చల్లబరిచి, ఇచ్చిన నిమిషాల్లోపల గుండె వేగాన్ని 64కో, ఆ పందెం నియమాన్ని బట్టి ఇంకా తక్కువకో దింపాలి. దిగకపోతే పందెం అక్కడితో సరి. జనం, మైకులు, మెడలో స్టెతస్కోపుతో ఎదురొచ్చే కొత్త మనిషి. ఇవన్నీ చూసి బెదిరితే, అలుపు తీరిన గుర్రానికైనా గుండె మళ్లీ పైకి పోతుంది. అందుకే అక్కడ గుర్రాన్ని నెమ్మదింపజేయడం గ్రూమ్ పనిలో సగం.

నేను చేరిన మొదటి నెలలోనే బూడిదరంగు అరబ్బీ గుర్రం ఒకటి నీళ్ల ట్యాంకర్ హారన్‌కి ఎగిరిపడింది. నేను అలవాటు కొద్దీ తాడు గుంజాను. నేను గుంజినకొద్దీ అది తల పైకెత్తి వెనక్కి లాగింది. తాడు నా కుడి అరచేతిలోంచి జారిపోతూ తోలు ఊడబెరికింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చేతికి గుడ్డ కట్టింది మాలో సీనియర్, సూడాన్ నుంచి వచ్చిన పెద్దాయన. అందరూ ఆయన్ని అమ్మీ అనేవారు. అరబ్బీలో ఆ మాటకు చిన్నాన్న అని అర్థమట. అది తెలిశాక నాకాయన ఇంకా దగ్గరయ్యాడు.

మర్నాడు మధ్యాహ్నం మిగతావాళ్లు పడుకున్నాక నన్ను ఆ గుర్రం దగ్గరికి తీసుకెళ్లాడు. ఎదురుగా నిలబడవద్దన్నాడు. గుర్రానికి చుట్టూ కనిపిస్తుంది కానీ సరిగ్గా నుదుటి ముందరా, తోక వెనకా కనబడదు. ఎడమ భుజం పక్కన నిలబడి, గడ్డం కింద జానెడు వదిలి తాడు పట్టుకోమన్నాడు. లాగకూడదు. తడి తువ్వాలు వేలాడినంత బరువు, అంతే, కిందికి. గుర్రం ముక్కు పైకెత్తినా, పక్కకు తిప్పినా చేయి అలాగే ఉండాలి, బరువు పెరగకూడదు, తగ్గకూడదు. ఎప్పుడో ఓ క్షణం తల అంగుళం కిందికి వస్తుంది. అప్పుడే పిడికిలి విప్పాలి. మరో రెండు సెకన్లు ఆగితే, దేనికి వదిలామో దానికి అర్థం కాదు. గుర్రానికి పాఠం తాడు పట్టుకోవడంలో లేదు, వదలడంలో ఉంది.

మొదటి రోజు ఆ అంగుళానికే పావుగంట పట్టింది. నా చెమట కారి దాని భుజం మీద పడుతోంది. తల దిగింది, తాడు వదిలాను. కళ్లు రెండుసార్లు ఆర్పింది. ముక్కులోంచి బుస్సుమని పెద్ద ఊపిరి వదిలింది. నోట్లో ఏమీ లేకుండానే నమిలి, నాలుకతో పెదవి నాకింది. మెడ, వీపు కలిసే చోట, జూలు ఆగే దగ్గర వేళ్లతో గీరాను. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోకేది అక్కడే. కాసేపటికి దాని కింది పెదవి వేలాడిపోయింది, వెనక కాలు ఒకటి సడలించింది.

తాడుకు అలవాటు పడ్డాక మాట చేర్చాం. ముందు మాట, ఆ తర్వాత తాడు. అమ్మీ అరబ్బీలో "శ్వయ్ శ్వయ్" అనేవాడు, మెల్లగా అని. నా నోట మాత్రం "మెల్లగా... మెల్లగా" అనే వచ్చింది. పది పన్నెండు రోజులకు మాటకే తల దించసాగింది. మాట కన్నా ముందు నువ్వు ఊపిరి వదులు అని అమ్మీ పదే పదే చెప్పేవాడు. అది నిజం. నేను టెన్షన్‌లో ఉండి ఎంత తియ్యగా పిలిచినా దాని చెవులు నిక్కే ఉండేవి. తర్వాత అదే పాఠం జనరేటర్‌కి దూరంగా, కొంచెం దగ్గరగా, చివరికి ట్యాంకర్ పక్కన. బెదురు ముదిరాక కొత్తగా నేర్పలేం, నెమ్మదిగా ఉన్నప్పుడు నేర్పిందే అప్పుడు పనికొస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. తల దించినంత మాత్రాన భయం పోయినట్టు కాదు. కంట్లో తెలుపు కనబడుతూ చెవులు బిగిసి ఉంటే అక్కణ్ణుంచి దూరంగా నడిపించాలి. జీను ఒరుసుకుని పుండైతేనో, కడుపునొప్పితోనో గంతులేసే గుర్రానికి కావలసింది డాక్టరు. దాన్ని మాటతో ఊరుకోబెట్టాలని చూడటం అన్యాయం.

మొన్న వేసవిలో సెలవుకు విశాఖ వచ్చేసరికి చిన్నాన్న కొత్త ఆడగుర్రాన్ని కొన్నాడు. పేరు రాణి. బెలూన్లమ్మే కుర్రాడు దగ్గరికొస్తే పక్కకు గెంతుతోంది, నేవీ హెలికాప్టర్ వెళ్తే నిలబడటం లేదు. పైన పిల్లలుంటారు కదా, చిన్నాన్నకు అదే బెంగ.

రోజూ తెల్లవారుజామున ఐదింటికి బీచ్ రోడ్డులో బండ్లు లేనప్పుడు తీసుకెళ్లాను. నడకకొచ్చినవాళ్లు తప్ప చప్పుడు లేదు. మూడో రోజుకు రాణి నా చేతికి తల దించింది. చిన్నాన్న చేతికి దించలేదు.

"ఏటిరా, నీ మాటే ఇంటాది, నా మాట ఇనదేటి?" అన్నాడు. ముఖం చిన్నబోయింది.

"నీ పిడికిలి చూడు చిన్నాన్నా."

చూసుకున్నాడు. తల దిగాక కూడా తాడు బిగించే పట్టుకుని ఉన్నాడు. ముప్ఫై ఏళ్ల అలవాటు. గుర్రం తప్పించుకుంటే పిల్ల పడిపోతుందన్న భయం ఆ వేళ్లలో ఉంది. ఆయన చేతి మీద నా చేయి వేసి, తల దిగిన క్షణాన వేళ్లు విప్పించాను. అలా వారం రోజులు.

నేను దుబాయి తిరిగొచ్చి రెండు నెలలైంది. నిన్న రాత్రి వాట్సాప్‌లో వీడియో పంపాడు. సాయంత్రం బీచ్, జనం, రాణి పక్కనే బెలూన్లు. చెవులు నిక్కాయి. "మెల్లగా అమ్మా, మెల్లగా" అని చిన్నాన్న గొంతు వినబడింది, తల నెమ్మదిగా దిగింది. మూడుసార్లు వెనక్కి తిప్పి చూసి, మా గదిలోవాళ్లకు కూడా చూపించి, అప్పుడు ఫోన్ చేశాను.

"బాగుంది చిన్నాన్నా. తాడు ఇంకా కొంచెం ముందే వదలాల."